చెట్టు కింద ఏళ్లుగా నిలిచిపోయిన పాత జీపుకి ఎంత ధర చెప్పాలి?

గోదావరి జిల్లాల్లో రైస్ మిల్లుల వెనక, ఖమ్మం వైపు మామిడి తోటల్లో, ఏజెన్సీలో పాత కాంట్రాక్టర్ల ఇళ్ల ముందు ఇలాంటి జీపు ఇప్పటికీ ఒకటో రెండో కనబడుతుంది. టైర్లలో గాలి పోయి నేలలోకి దిగబడి ఉంటాయి. బానెట్ మీద చింతాకు పేరుకుని ఉంటుంది. యజమానిని కదిలిస్తే "మీరే చెప్పండి, ఎంతిస్తారు?" అంటారు. లేదంటే "ఇది యుద్ధం నాటి జీపండీ, ఐదు లక్షలకి అడిగినా ఇవ్వలేదు" అంటారు. ఈ రెండింటికీ జవాబు ముందే సిద్ధం చేసుకోకపోతే, అక్కడికక్కడ నోటికొచ్చిన అంకె చెప్పేస్తాం.

నా మొదటి జీపు విషయంలో నేను అదే చేశాను. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే ఇంజిన్ తిరిగింది. ఆ సంబరంలో డబ్బు చేతిలో పెట్టేశాను. ఇంటికి తెచ్చాక చూస్తే ఆర్సీ అమ్మినాయన తాతగారి పేరు మీద ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. వారసులు నలుగురు, అందులో ఒకరు అమెరికాలో. సంతకాలన్నీ కూడేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. జీపు బాగు చేయించడానికి కూడా అంత టైం పట్టలేదు. అప్పటి నుంచి నేను ముందు కాగితాలు చూస్తాను, ఆ తర్వాతే ఇనుము చూస్తాను.

నేను ధర కట్టే పద్ధతి మొత్తం ఒక్క లెక్క మీద నడుస్తుంది. అమ్మేవాళ్లు అడిగిన ధర పట్టుకుని కిందికి బేరమాడకూడదు. అదే మోడల్ జీపు బాగా నడుస్తూ, కాగితాలు సరిగ్గా ఉంటే ఈరోజు ఎంత పలుకుతుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. మన జీపుని ఆ స్థితికి తేవడానికి అయ్యే ఖర్చంతా తీసేయగా మిగిలిందే మనం ఇవ్వగల ధర. ఆ ఖర్చు నిజాయితీగా లెక్కగట్టడం ఎలాగో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. అది ఏ జీపో తేల్చుకోండి

మన దగ్గర ముక్కు పొడుగ్గా, చదునుగా ఉన్న ప్రతి బండినీ జీపనే అంటారు. కానీ ధరల్లో నేలకీ నింగికీ ఉన్నంత తేడా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన జీపులు రెండు కంపెనీలు చేశాయి: విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ. యుద్ధం అయ్యాక వాటిలో కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. మహీంద్రా కంపెనీ 1945లో మొదలై, 1940ల చివర్లో ఇక్కడ జీపులు బిగించడం ప్రారంభించింది. ఆ తర్వాత మన ఊళ్లలో ఎక్కువగా తిరిగింది సీజే-3బీ. అమెరికాలో 1953లో మొదలై 1968తో ఆగిపోయిన ఈ మోడల్‌ని మహీంద్రా ఆ తర్వాత కూడా చాలాకాలం చేసింది. 1980ల్లో ప్యూజో డీజిల్ ఇంజిన్‌తో ఎంఎం 540 వచ్చింది.

యుద్ధం నాటిదా కాదా అన్నది ఐదు నిమిషాల్లో చూసేయొచ్చు. మొదట రేడియేటర్ ముందుండే జాలీలో (గ్రిల్) చీలికలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు రేకు జాలీకి తొమ్మిది ఉంటాయి, సీజే మోడళ్లకి ఏడు. యుద్ధపు జీపుకి వెనక తలుపు ఉండదు. దాని హెడ్‌లైట్లు జాలీ వెనక్కి ఉండి, కీలు మీద వెనక్కి తిప్పితే ఇంజిన్ మీద వెలుగు పడేలా ఉంటాయి. ముందు బంపర్ వెనక ఛాసిస్ (బండి అడుగు చట్రం) అడ్డకమ్మీ గుండ్రని గొట్టంలా ఉంటే విల్లీస్, బోర్లించిన యూ ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టారు. బానెట్ బాగా ఎత్తుగా, పెట్టెలా ఉంటే అది సీజే-3బీ. దాని ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లోను, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాక్‌లోను ఉంటాయి. అంత ఎత్తు ఇంజిన్ పట్టడానికే బానెట్ పైకి లేపారు. అమ్మేవాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. వాళ్ల నాన్న చెప్పిందే వాళ్లూ నమ్ముతున్నారు. మనం మాత్రం కంటికి కనిపించిన దానికే ధర కట్టాలి.

ఇంకొకటి మర్చిపోకండి. ముందు చక్రాల మధ్యకి వంగి చూడండి. అక్కడ ఇరుసు మీద డిఫరెన్షియల్ ఉండ, అంటే చక్రాలకి శక్తి పంచే గేర్లుండే గుండ్రటి పెట్టె, లేకపోతే అది ఫోర్ వీల్ కాదు. మహీంద్రా జీపుల్లో టూ వీల్ డ్రైవ్ బళ్లు చాలా తిరిగాయి. లోపల గేరు రాడ్డు పక్కన ఫోర్ వీల్ రాడ్డులు ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు. ముందు ఇరుసుకి శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పక్కన పడేసినవి కూడా చూశాను.

2. కాగితాలు

అన్నిటికన్నా ఎక్కువ టైం ఇక్కడే పెట్టండి. జీపు చూడటానికి వెళ్లే ముందే ఫోన్లో ఆర్సీ ఫొటో అడగండి. "ఇంట్లో ఎక్కడో ఉందండీ" అంటే, దొరికాకే వస్తామని మర్యాదగా చెప్పండి.

1989 జూలైకి ముందు నమోదైన బండి అయితే నంబరు మూడు అక్షరాలతో మొదలవుతుంది. ఆర్సీ కూడా పాత బుక్కే. ఆ బుక్కులోని వివరాలు ఆర్టీఏ కంప్యూటర్లోకి ఎక్కాయా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఎక్కకపోతే ముందు పాత రిజిస్టర్ వెతికించి ఎక్కించాలి. రిజిస్టర్ దొరక్కపోతే ఆ బండి రోడ్డు మీదికి వస్తుందన్న నమ్మకం లేదు. అలాంటప్పుడు దాన్ని పూర్తి బండిగా కాకుండా విడి భాగాల కింద లెక్కగట్టాలి.

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ ఫీజులు బాగా పెరిగాయి. తర్వాత కూడా మారాయి. కాబట్టి ఆ వారం ఆర్టీఏలో అడిగి తెలుసుకున్న అంకె మాత్రమే లెక్కలో వేయండి. ఆలస్య రుసుము, గ్రీన్ టాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా కలపండి. ఆర్సీ పోతే డూప్లికేట్ కోసం ఫారం 26, పేరు మార్పుకి 29, 30, యజమాని చనిపోతే వారసుల పేరు మీదికి మార్చడానికి 31, పాత ఫైనాన్స్ అలాగే ఉండిపోతే దాన్ని తీసేయించడానికి 35. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) కోసం 28. ఇవన్నీ అమ్మేవాళ్లు సంతకం పెట్టాల్సినవే. డబ్బు చేతులు మారాక ఆ సంతకాల కోసం తిరగడం చాలా కష్టం.

పసుపు నంబరు బోర్డు ఉందా? అయితే అది ఒకప్పుడు కిరాయికి తిరిగిన సర్వీసు జీపు. ట్రాన్స్‌పోర్ట్ బండికి మూణ్ణెల్లకోసారి పన్ను కట్టాలి. బండి ఆపేశామని ఆఫీసులో స్టాపేజ్ రాసివ్వకపోతే, చెట్టు కింద ఉన్న ఏళ్లన్నిటికీ పన్ను, దాని మీద జరిమానా పేరుకుపోతాయి. ఆ బాకీ జీపు ధరని దాటిపోవచ్చు. బాకీ ఎంతో రాతపూర్వకంగా తెలిశాకే ముందుకు వెళ్లండి.

సైన్యం వేలంలో కొన్నదంటే వేలంలో ఇచ్చిన అసలు రిలీజ్ కాగితం చూపించమనండి. అది లేకుండా సివిల్ రిజిస్ట్రేషన్ రాదు.

ఇంజిన్ మార్చారా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పెట్రోలు ఖర్చు భరించలేక మన వాళ్లు ఎన్నో జీపులకి డీజిల్ ఇంజిన్లు పెట్టించారు. ఆర్సీలో పెట్రోల్ అనే ఉంటుంది, బానెట్ కింద డీజిల్ ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులకి అడ్డు. ఆర్సీలో ఎక్కని ఇంజిన్ ఎంత బాగా తిరిగినా, మీ లెక్కలో దాని విలువ సున్నా.

చివరగా, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. రేపు ఆర్టీఏ వాళ్లు అడిగేది కూడా అదే. తుప్పు వల్ల నంబరు కనబడకపోయినా, చుట్టూ వెల్డింగ్ మచ్చ ఉన్నా ఆగిపోండి. దొంగతనం కేసులేమైనా ఉన్నాయేమో జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ల ఆన్‌లైన్ సేవలో చూసుకోవచ్చు.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేసుకునే వీలు 2021 జూలైలో వచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా నమోదుకి ఇరవై వేలు, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కానీ వింటేజ్ బండిని రోజూ తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కించాలి. దాన్ని వేసుకుని పొలం వెళ్లాలనుకునేవాళ్లకి ఈ దారి పనికిరాదు.

3. కింద పడుకుని చూడండి

పాత చాప, టార్చి, చిన్న సుత్తి, అయస్కాంతం, స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. ముందు రంగు చూడొద్దు. నేరుగా బండి కిందికి దూరండి.

జీపుకి ప్రాణం ఛాసిస్. కమాన్ పట్టీలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, వెనక అడ్డకమ్మీ దగ్గర, ఇంజిన్ మౌంటింగుల దగ్గర సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది. కుళ్లినది మట్టికుండలా చప్పగా పలుకుతుంది. మన ఊళ్లలో జీపుతో ట్రాలీలు లాగించారు కాబట్టి వెనక అడ్డకమ్మీ పగుళ్లు ప్రత్యేకంగా వెతకాలి. టేపుతో ముందు ఎడమ బ్రాకెట్ నుంచి వెనక కుడి బ్రాకెట్‌కి, మళ్లీ ముందు కుడి నుంచి వెనక ఎడమకి కొలవండి. రెండు కొలతల మధ్య తేడా సెంటీమీటరు దాటితే ఛాసిస్ మెలిపడిందని నేను లెక్కేస్తాను. అది సరిచేసే మంచి పనివాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ.

బాడీలో ముందు కుళ్లేది కాళ్ల కింది రేకు. దాన్ని మోసే అడుగు చానెళ్లు, బాడీ ఛాసిస్‌కి బిగించే చోట్లు, డ్రైవర్ సీటు కింద పెట్రోల్ ట్యాంకు కూర్చునే గుంట తర్వాత వస్తాయి. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. బాడీ పోయినా భయపడక్కర్లేదు. సీజే-3బీ, ఎంఎం 540లకి కొత్త రేకు బాడీలు చేసేవాళ్లు ఉన్నారు. హర్యానాలోని డబ్వాలీ లాంటి ఊళ్లకి ఈ పనిలో పేరే ఉంది. ఛాసిస్‌కి మాత్రం అలాంటి సులువు లేదు. దాని మీదే నంబరు ఉంటుంది కాబట్టి అది మారిస్తే కాగితాలూ పోతాయి.

4. ఇంజిన్

ఏళ్లుగా ఆగిపోయిన ఇంజిన్‌కి తెచ్చిన బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టకండి. పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే లైనర్లు (సిలిండర్ లోపలి గోడలు) గీసుకుపోతాయి. ఆ నష్టం ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. యజమాని ఒప్పుకుంటే ప్లగ్గులు విప్పండి. డీజిల్ అయితే ఇంజెక్టర్లు విప్పండి. ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి ఆగండి. మర్నాడు హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా పట్టుకోకుండా తిరిగితే ఆశ ఉంది. కదలకపోతే అది పట్టేసిన ఇంజిన్. ఫుల్ ఇంజిన్ పని ఖర్చు మొత్తం రాసుకోండి.

ఆయిల్ గేజ్ కర్ర తీసి చూడండి. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు దిగాయి. రేడియేటర్ మూత తీసి లోపల నూనె తేలుతోందేమో చూడండి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది. స్టార్ట్ చేసి చూడాలంటే సీసాలో కొత్త పెట్రోలు పోసి పైపు నేరుగా పంపుకి కలపండి.

"బ్యాటరీ పెడితే స్టార్ట్ అవుతుందండీ" అన్న మాట నేను ప్రతిసారీ విన్నాను. కావచ్చు. కానీ మన కళ్ల ముందు స్టార్ట్ కానంతవరకు స్టార్ట్ కాని బండి ధరే చెప్పాలి.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. బ్రేకులు చూడక్కర్లేదు. అన్ని సిలిండర్లు, పైపులు కొత్తవే వేయించాలని రాసుకోండి. వైరింగ్ కూడా అంతే, మొత్తం కొత్తది. పాత యుద్ధపు జీపులకి ఆరు వోల్టుల కరెంటు కాబట్టి బల్బులు, డైనమో వేరుగా వెతకాలి. ముందు చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే కింగ్ పిన్‌లు (చక్రం పక్కకి తిరిగే ఇరుసు పిన్నులు), బేరింగులు అరిగాయి. ఫోర్ వీల్, లో గేరు రాడ్డులు పడుతున్నాయో లేదో చూడండి. ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కింద నూనె మరక కనిపిస్తే మామూలే, పెంకు పగిలితే మాత్రం పెద్ద ఖర్చు.

విడి భాగాలు ఏవి పోయాయో కూడా రాసుకోండి. ఎంఎం 540 సామాను విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తిరిగితే దొరుకుతుంది. యుద్ధపు జీపు అసలు హెడ్‌లైటు బ్రాకెట్, మీటరు, చక్రాల రిమ్ములు దొరకడం కష్టం, ధర కూడా వాళ్లు చెప్పిందే.

5. లెక్క వేయడం

ఇంటికొచ్చి, తెలిసిన మెకానిక్‌తోను, టింకరింగ్ పనివాడితోను విడివిడిగా కూర్చుని ఫొటోలు చూపించండి. ఒక్కొక్క పనికీ ధర అడగండి. కింద వేసినవి లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి నేను అనుకున్న అంకెలే. మీ ఊళ్లో మీ మెకానిక్ చెప్పినవి ఆ చోట పెట్టుకోండి.

అదే మోడల్ నడుస్తున్న జీపు, కాగితాలతో 4,50,000 పలుకుతోందనుకుందాం. ప్రకటనల్లో అడిగే ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర. కొన్నవాళ్లని వెతికి అడగండి. బాడీ, రంగు 90,000. ఇంజిన్ 70,000. బ్రేకులు 20,000. ఐదు టైర్లు 30,000. వైరింగ్, బ్యాటరీ 18,000. సీట్లు, పైన గుడ్డ కప్పు (హుడ్) 20,000. పని మొత్తం 2,48,000. కాగితాలకి 25,000, తెచ్చుకోవడానికి 12,000. ఇక ఊహించని ఖర్చు కింద పని మొత్తంలో నాలుగో వంతు, అంటే 62,000 తప్పకుండా పక్కన పెట్టండి. గేర్‌బాక్స్ విప్పాక ఏమి బయటపడుతుందో విప్పేదాకా ఎవరికీ తెలియదు. అన్నీ కలిపితే 3,47,000. నాలుగున్నర లక్షల్లోంచి తీస్తే మిగిలేది 1,03,000. లక్ష దగ్గర మీ గీత గీసుకోండి.

ఇప్పుడు రెండో వైపు నుంచి చూడండి. ఈ జీపుని విడదీసి అమ్మితే ఇరుసులు, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రిమ్ములు కలిపి ఎంత వస్తుంది? తుక్కు వాళ్లు తూకానికి ఎంతిస్తారు? యజమానికి ఇవే మీకు పోటీ ధరలు. మీ గీత వీటికంటే కిందికి పోతే ఈ బేరం కుదరదు. వదిలేయడమే మంచిది.

లెక్క ప్రకారం మిగిలేది సున్నా అయినా కొందరికి ఆ జీపే కావాలి. మా నాన్న నడిపిన మోడల్, మా ఊరి పాత డాక్టరు గారి జీపు అన్నట్టు. తప్పు లేదు. కానీ ఆ మమకారానికి ఎంత పెడుతున్నారో విడిగా ఒక అంకె రాసుకోండి. 20,000 అనుకుంటే 20,000. అది ఇంజిన్ ఖర్చులో కలిసిపోతే సగంలో డబ్బయిపోయి, విప్పిన జీపు షెడ్డులో మళ్లీ పదేళ్లు పడి ఉంటుంది. అలా ఆగిపోయిన జీపులే నాకు ఎక్కువగా అమ్మకానికి వచ్చాయి.

6. ధర చెప్పడం

గీత లక్ష అయితే నేను ఎనభై వేల దగ్గర మొదలుపెడతాను. ముప్ఫై వేలు అని అడగను. ఆ జీపులో వాళ్ల నాన్న కూర్చుని తిరిగాడు, పెళ్లి ఊరేగింపు జరిగింది, పురిటికి ఆసుపత్రికి వెళ్లారు. దాన్ని తుక్కు కింద మాట్లాడితే మనసు నొచ్చుకుంటుంది. ఆ తర్వాత ఎంత పెంచినా ఇవ్వరు.

నేను చేసేది ఇదీ. రాసుకున్న కాగితం వాళ్ల ముందు పెడతాను. "బాబాయి గారూ, ఇది మీ జీపు బాగుపడటానికి నేను పెట్టాల్సిన ఖర్చు. ఇందులో ఏదైనా ఎక్కువ వేశానంటే చెప్పండి, సరిచేస్తాను" అంటాను. చాలామంది ఆ కాగితం చదువుతారు. కొందరు "టైర్లు మా తమ్ముడి దగ్గర కొత్తవి ఉన్నాయి, ఇప్పిస్తాను" అంటారు. అప్పుడు 30,000 లెక్కలోంచి తీసేసి ధర పెంచుతాను. ఒకసారి ఒకాయన లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి అసలు మీటరు, కార్బురేటరు, కొన్ననాటి బిల్లు తెచ్చి నా ముందు పెట్టారు. జాగ్రత్తగా దాచుకున్నారు. ఆ రోజు నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఇచ్చాను. అది సరైన ధరే.

వాళ్లు రెండున్నర లక్షలే అంటే వాదించకండి. మీ అంకె, ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, "ఎప్పుడైనా ఇవ్వాలనిపిస్తే ఫోన్ చేయండి" అని నమస్కారం పెట్టి రండి. ఆర్నెల్ల తర్వాత ఫోన్ రావడం నాకు అనుభవమే. ఆ మధ్యలో ఒక వర్షాకాలం గడిచి ఉంటే మళ్లీ వెళ్లి కింద పడుకుని చూడండి.

7. బయానా, అప్పగింత

బేరం కుదిరిన రోజు పదో వంతుకి మించి బయానా ఇవ్వొద్దు. కాగితం మీద ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, మొత్తం ధర, విడిగా ఇస్తామన్న సామాను జాబితా, కాగితాలు ఎవరు ఏ తేదీకల్లా పూర్తి చేయాలి అన్నవి రాయించుకోండి. వారసత్వం మార్పు, పాత పన్ను బాకీ తేలేదాకా మిగతా డబ్బు ఆపుతామని ముందే స్పష్టంగా చెప్పండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

జీపుని తాడు కట్టి లాక్కురావద్దు. బ్రేకులు లేవు, టైర్లు చచ్చిపోయాయి, చక్రాల బేరింగులు ఎండిపోయి ఉంటాయి. ట్రాలీ గానీ చిన్న లారీ గానీ మాట్లాడండి. ఎక్కించే ముందు నలుగురు మనుషులు, గాలి పంపు, రెండు చెక్క పలకలు సిద్ధంగా ఉంచుకోండి. నేలలో దిగబడ్డ చక్రాల చుట్టూ ముందు రోజే మట్టి తవ్వి పెట్టండి. బయల్దేరే ముందు సీట్ల కింద, టూల్ బాక్సులో ఒకసారి చేత్తో వెతికి, దొరికిన ప్రతి వస్తువునీ యజమానికి చూపించండి. పాత ఫొటోలు, కళ్లజోడు, గుడి ప్రసాదం పొట్లం లాంటివి దొరుకుతాయి. అవి వాళ్లకే ఇచ్చేయండి.